ఐదో వేలు

ఫిబ్రవరి 3, 2025. సోమవారం

పై వారమే ఉజ్జీవ సభలు. స్టేజీ వెనక ఫ్లెక్సీకి బొమ్మ కావాలి. తోమాసన్నను అడిగితే, కండ్లకు ఆపరేషనైంది తమ్మీ, నెల పడ్తది అన్నాడు. ఆయన గనిలో సేఫ్టీ బోర్డులు రాసి రిటైరైన పెయింటర్. నేను వాక్యం చెప్పే మా మందిరం గోడమీది కాపరి యేసు బొమ్మ ఆయన గీసిందే. తలకు క్యాప్ ల్యాంపు, చేతిలో గొర్రెపిల్ల, వెనక బొగ్గు పొర.

నెల ఆగే ఓపిక నాకేది? గోడను ఫోటో తీసి ఏఐ యాప్‌లో పెట్టాను. ఇట్లాగే, ఇంకా తేజస్సుతో, అని టైపు చేశాను. గనికి నా డ్యూటీ బస్సు వచ్చేలోపు నాలుగు బొమ్మలు! స్తోత్రం అన్నాను.

ఫిబ్రవరి 5

ఫ్లెక్సీ షాపు ఉపేందర్ చూసి, గిది తోమాసు కాక బొమ్మ లెక్కనే ఉన్నదే బ్రదర్ అన్నాడు. దేవుని మహిమ ఒకరి సొత్తు కాదని వాక్యం ఎత్తాను. గట్లయితే కింద మీ పేరెందుకు మరి, అని నవ్వాడు.

పేరు తీయించలేదు.

ఫిబ్రవరి 14, సభ అయ్యాక

ఈరోజు నా అంశం ఎనిమిదో ఆజ్ఞ, దొంగిలకూడదు. గని నుంచి కేబుల్ ముక్క ఇంటికి తెచ్చినా దొంగతనమే అని ఉరిమాను. జనం వణికారు. ఆ ఊపులో వెనక బొమ్మకు చెయ్యి చూపి, ఇది ప్రభువు నాకు ప్రార్థనలో చూపించాడు అన్నాను. ఎందుకన్నానో! మైకు దొరికితే నా నోరు నాది కాదు. కాసిపేట, కమాన్‌పూర్ సంఘాల వాళ్లు బొమ్మ అడిగారు. అందరికీ వాట్సాప్ చేశాను.

ఫిబ్రవరి 15

రాయకపోతే ఊపిరాడేట్టు లేదు.

పొద్దున్నే యేసమ్మ అక్క వచ్చింది. తోమాసన్న వదిన. ఆమె భర్త ఇరవై ఏండ్ల కింద గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. అంతకుముందే బొగ్గు టబ్బులు లాగే హాలేజీ తాడులో పడి ఆయన కుడిచేతి వేలొకటి తెగిపోయింది. గోడమీది కాపరిది ఆ చెయ్యేనని అక్క చెప్తేనే తెలిసింది. తమ్ముడు తన అన్న చెయ్యి గీశాడు, నాలుగు వేళ్లతో. పదకొండేండ్లుగా ఆ గోడ ముందు నిలబడి అరుస్తున్నాను, ఒక్కనాడూ వెనక్కి తిరిగి లెక్కపెట్టలేదు.

ఫ్లెక్సీ మీద ఐదున్నాయి. యాప్ అతికించింది.

అక్క కండ్లు మెరుస్తున్నాయి. ప్రభువు చూపిచ్చిండంటిరి గద అయ్యగారూ, మరి మీదికి పోయినంక మా ఆయనకు వేలు మల్లొచ్చినట్టేనా, అని అడిగింది.

నేను అవునన్నాను.

ఫిబ్రవరి 16

ఆఖరి రోజు సభ. జ్వరమని పోలేదు. జ్వరం లేదు.

ఫిబ్రవరి 18

తోమాసన్న వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. గోడమీది బొమ్మ అడిగితే ఇయ్యకపోదునా తమ్మీ, అన్నాడు. మొదట తనూ ఐదు వేళ్లే గీశాడట, అన్నను బాగుచేసినట్టుంటుందని. తర్వాత వారం రోజులు దాని ముందు కూర్చుని, ఇది మా అన్న కాదని ఒక వేలు చెరిపేశాడట. నేను పడ్డ గోసను నీ ఫోను నిమిషంల తుడిచేసె, అన్నాడు. బొమ్మ సంగతి ఇడ్సిపెట్టు, మా వదినకు ఏం జెప్పినవ్ నువ్వు, అన్నాడు.

బైబిల్ తెరవబోయాను. మూసెయ్ అన్నాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

మైకులో చెప్పాను. బొమ్మ తోమాసన్నది, దర్శనం అబద్ధం, దొంగను నేనే అని. ఎంత తగ్గింపు మనసో అని జనం హల్లెలూయా కొట్టారు! నా పాపం కూడా ప్రసంగమైపోయింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

యేసమ్మ అక్క చప్పట్లు కొట్టలేదు. ఆరాధన అయ్యాక దగ్గరికొచ్చి, అయితే వేలు రాలేదా అయ్యగారూ, అని మాత్రం అడిగింది. నాకు తెలియదక్కా అన్నాను. ఆ మాట నా నోట రావడం ఇదే మొదలు. ఆమె గోడ దగ్గరికి పోయి, ఆ లేని వేలు చోట తన వేలు పెట్టి చాలాసేపు నిలబడింది.

మార్చి 2

నస్పూర్ నుంచి ఒక బ్రదర్ అదే బొమ్మ నాకు పంపాడు. ప్రభువు తనకు దర్శనంలో చూపించాడట. ఐదు వేళ్లు. కింద ఆయన పేరు.

అది తోమాసన్నది, ఎత్తుకొచ్చింది నేను, అని రాసి పంపాను. జోడించిన చేతుల గుర్తు పెట్టాడు.

ఆ గుర్తులో వేళ్లు లెక్కపెట్టాను.