చెత్తబుట్టలో తలుపులు

నాన్నా,

నేను బాగున్నాను. నీ తలుపుల ఫొటోలూ భద్రంగా ఉన్నాయి. అక్క ఏం చెప్పినా కంగారుపడకు.

మన పాత ల్యాప్‌టాప్ తెరుచుకునేలోపు క్లాసు సగం అయిపోతోందని కొత్త డిస్కు, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాను. కావలసినవన్నీ ముందే కాపీ చేసుకున్నాననుకున్నాను. పాత డిస్కు తుడిచేసే ముందు రిపేరు చేసే ఆయన, "తెర మీది చెత్తబుట్ట నిండా ఏవో ఫైళ్ళు ఉన్నాయమ్మా, ఓసారి చూసుకో. తుడిచేశాక నేను తీయలేను" అన్నారు. తెరిస్తే నువ్వు చేసిన తలుపులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. అక్కకు ఫోన్ చేస్తే, "నాన్నకి తెర మీద గుర్తుండే బొమ్మ అదొక్కటేనే, ఏదైనా అందులోనే పడేస్తాడు" అని నవ్వింది. నేను మాత్రం అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ కొత్త డిస్కులోకి మార్చుకున్నాను.

ల్యాప్‌టాప్ నాకిచ్చి పంపేటప్పుడు అవి అందులో ఉన్నాయని ఒక్క మాటైనా అనలేదేం? ఇల్లు కట్టుకునేవాళ్ళు వచ్చి నీ పనితనం చూపించమంటే ఇన్నాళ్ళూ ఏం చూపించావు? అన్నీ ప్రింటు తీయించి ఆల్బమ్‌గా పంపుతున్నాను.

తీగ చెక్కిన రెండు రెక్కల తలుపు ఎవరింటిది? ఏ కర్ర? దాని అంచున ఉన్న సన్నని పట్టీని మీ పనిలో ఏమంటారు? అక్కతో రాయించు, నాకు ఆ మాటలన్నీ కావాలి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా దుప్పటి ఎవరైనా వస్తుంటే పంపండి.

చివరి ఫొటోలో తలుపు లేదు. చిత్రిక పొట్టు మీద చిన్నప్పటి నేను నిద్రపోతున్నాను. అది వచ్చినవాళ్ళకు చూపించకు, నువ్వు చూసుకో.

అందరినీ అడిగానని చెప్పు.

నీ చిన్నది