కొత్త తోటకి అనుమతి లేదు

మే 3

నిన్న ఈ డైరీలో రాసింది తప్పు. ఇంటి ఫోటోలన్నీ దాచిపెట్టిన సర్వర్ చచ్చిపోలేదు. మిషన్ బతికే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆగిపోయింది లోపలి డీమన్ ఒక్కటే. తెర మీద ఎక్కడా కనిపించకుండా కూర్చుని, ఎవరు తలుపు తడతారా, ఎవరికి ఏ ఫోల్డరు తీయాలా అని వింటూ ఉండే ప్రోగ్రాము. ఒక్క లైను టైపు చేస్తే లేచి కూర్చుంది. చచ్చిపోవడం వేరు, వినడం మానేయడం వేరు. జీవితమంతా కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఆ మాత్రం తేడా తెలియాలి.

అది ఆగిన ఆ కాసేపట్లోనే మా ఆయన మంచం మీంచి — "ఏవోయ్, తోట పోయింది."

నా చేతిలో గ్లాసు జారింది. టీవీలో ఫోల్డరు రావడం లేదని ఆయన ఉద్దేశం. అంతే. అంతేనని తెలిసేసరికి కాఫీ నేలపాలు.

మే 4

కంప్యూటర్‌ని చల్లటి చోట పెట్టాలని పుస్తకాలు చెబుతాయి. మా ఇంట్లో ఖాళీ ప్లగ్గు ఉన్నది కాయలు మాగేసే గదిలో. అక్కడే పెట్టాను. వరిగడ్డి, మా వాటా తోట బంగినపల్లి, మధ్యలో సర్వర్. దాని వేడిగాలి తగిలే వైపు కాయలు ముందు పండుతున్నాయి.

మధ్యాహ్నం ఆ గది గుమ్మంలో చాప వేసుకుంటే చాలు... సన్నటి రొద, పండు వాసన. రొద ఎక్కడ ఆగి వాసన ఎక్కడ మొదలవుతుందో తెలియదు. నిద్రా కాదు, మెలకువా కాదు.

మే 6

కాఫీ తాగాక ఆయన తోటకి వెళతారు. టీవీలో.

చెట్టుకో ఫోల్డరు. పేర్లు ఆయన పెట్టినవే — పెళ్లికూతురు, సొట్టది, మునసబు, నత్తి రసం. తుంటి విరగడానికి ముందు ఏడాది, చెట్లు పూత మీద ఉండగా ఆయన తీసిన ఫోటోలు. రిమోట్ నొక్కుతూ చెట్టు చెట్టు దగ్గరా ఆగుతారు. ఒక్కోచోట తల కొంచెం వంచుతారు. కొమ్మ తగలకుండా.

వెనక నిలబడి చూస్తాను. పిలవను.

మే 7

కనీసం ఇక్కడైనా రాయాలి.

ఆ చెట్లు లేవు. ఈయన ఆస్పత్రిలో ఉండగా మా మరిది శేషు కొట్టించేశాడు. రోడ్డు వైపు రసాల తోట అతని వాటా. కాగితాల ప్రకారం తప్పు పట్టడానికి లేదు. అంట్లు నాటి, నీళ్లు మోసి పెంచింది మాత్రం ఈయన.

"ఏటేటా పూత మాడిపోతోంది వదినా. ఆయిల్ పామ్ వేస్తున్నా. అన్నయ్యకి నువ్వే చెప్పు, నువ్వు చెబితే వింటాడు."

నడక రానీ, చెబుతా అన్నాను. నడక వచ్చింది. వాకర్ పట్టుకుని గేటు దాకా వెళ్లి వస్తున్నారు. "వచ్చే వారం కారు పెట్టించు, తోటకి పోదాం" అంటున్నారు.

మే 9

కరెంటు లేదు. ఇన్వర్టరు ఒక్కదాన్నే లాగుతుంది — ఫ్యానా, టీవీతో సర్వరా? అది కూడా అడగాలా అన్నట్టు చూశారాయన. చెమటలు కక్కుతూ తోటంతా తిరిగారు.

మే 11

శేషు మా ఇంటి వెనక వాటాలోనే ఉంటాడు, అతనికీ సర్వర్‌లో పేరుంది. ఫోన్‌లో చోటు లేదని ఆయిల్ పామ్ మొక్కల ఫోటోలన్నీ తెచ్చి, అందరూ చూసే చోట పోశాడు. పైగా 'కొత్త తోట' అని పేరు.

"బుద్ధుందా శేషూ?"

"సర్వర్‌లో పెడితే భద్రంగా ఉంటాయన్నావుగా వదినా."

అన్నాను. నా నోరే. ఆయన నిద్ర లేచేలోగా దానికి తాళం వేశాను. పేర్ల పట్టికలో శేషుకి అనుమతి ఉంది, నాకు ఉంది. ఆయనకి లేదు.

మే 12

మధ్యాహ్నం కల. తోటలో నడుస్తున్నాను, మంచు పడుతోంది, పూత వాసన. ప్రతి చెట్టూ నా పేరు అడుగుతోంది. చెబుతున్నాను. తెలియదంటోంది. ఆఖరికి ఆయన పేరు చెప్పాను... కొమ్మలన్నీ పక్కకి తప్పుకున్నాయి.

లేచేసరికి చెంప మీద చాప అచ్చు.

మే 14

మా ఇంట్లో తొలి కోత బుట్ట ఇంటి పెద్ద ముందుకి వచ్చాకే ఎవరైనా కాయ ముట్టేది. ఏ రకమైనా, ఏ తోటదైనా, ఎవరి వాటాలోదైనా. ఈ ఏడు రసాల బుట్ట ఎక్కణ్ణించి వస్తుంది?

వచ్చింది. శేషు మైలవరంలో కొని, గోతం తీసేసి, మన బుట్టలో మన గడ్డి పరిచి తెచ్చాడు. తప్పు చేసినా పద్ధతి తప్పడు.

"ఏ చెట్టుదిరా?"

"పెళ్లికూతురిది అన్నయ్యా."

ఆయన కాయ తీసుకుని తొడిమ దగ్గర వాసన చూశారు. చాలాసేపు. "పెళ్లికూతురు ఇంత ముందుగా ఏనాడూ తయారు కాలేదే" అన్నారు. పిసికి, చీకి, టెంక దాకా తిన్నారు. శేషు నా వంక చూశాడు. నేను గడ్డి వంక చూశాను.

మే 16

నా తెలివి ఇంతే. తాళం వేశాను గానీ తలుపు దాచలేదు. ఫోల్డరు తెరుచుకోదు, పేరు మాత్రం కనిపిస్తుంది.

"కొత్త తోట అని ఒకటుంది. నొక్కితే నాకు అనుమతి లేదంటోంది."

"సర్వర్ అంతేనండీ, ఒక్కోసారి..."

"సర్వర్ చెబుతోంది సరే. సర్వర్‌కి చెప్పిందెవరు?"

పాలు పొంగుతున్నాయని లేచి వచ్చాను. పొయ్యి మీద పాలు లేవు. ఆయనకి తెలుసు — వంటింట్లోంచి ఏ వాసనా రాలేదు.

తిరిగి వెళ్లేసరికి పెళ్లికూతురు దగ్గర ఆగి ఉన్నారు. తల వంచలేదు.

"పూత రాలదేంటోయ్ ఈ చెట్లకి?"

మే 17

పొద్దున్నే పేర్ల పట్టికలో ఆయన పేరు పక్కన మార్చాను. కొత్త తోట చూడొచ్చు. మార్చడానికి వీల్లేదు. అది ఇంక ఎవరి వల్లా కాదు, నా వల్లా కాదు. డీమన్‌ని ఆపి మళ్లీ లేపాను. వింటోంది.

ఆయనకి ఇంకా చెప్పలేదు. మధ్యాహ్నం కాఫీ అయ్యాక రిమోట్ తీసుకున్నారు. నొక్కారు, తట్టారు, తొడ మీద కొట్టారు. సెల్స్ అయిపోయాయి. "పోనీలే, రేపు" అని కళ్లు మూసుకున్నారు. మాగే గదిలోంచి సన్నటి రొద...

శేషుకి ఫోన్ చేయాలి. రిమోట్‌కి సన్న సెల్స్ రెండు తెమ్మనాలి, గోడ గడియారానికి వేసే లావువి పట్టవు. రేపు కాఫీ వేళకి తనే స్వయంగా తేవాలి. ఇచ్చి వెళ్లిపోకూడదు, అన్నయ్య కొత్త తోట తెరిచేటప్పుడు పక్కన కూర్చోవాలి.