అమ్మ మాటకు తర్జుమా

డైరెక్టరు గారికి పార్వతి నమస్కారాలు. మీరు లండన్‌లో పోయి ఏడు నెలలైంది. వార్త విన్నరోజు నాకు ఏడుపు రాలేదు. అబద్ధమెందుకు, చేపల పులుసు రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

పోయిన వారం కలకత్తాలో మీ సంస్మరణ సభ పెట్టారు. మీ టీవీ సీరియళ్ళు, సినిమాలు, అవార్డులు... అన్నీ చదివారు. అన్నిటికీ మూలం, మీ మొదటి డాక్యుమెంటరీలో మా అమ్మ ఏడ్చే షాటేనట.

గుర్తుందా? ఓడరేవు కూలీల బతుకులు తీస్తానని కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా గదికొచ్చారు. నాన్న పోయి పదకొండో రోజు. మా గదుల వరసలో ఇంగ్లీషు వచ్చింది కాలేజీ పిల్లనైన నాకే, కాబట్టి నేనే దుబాసీని.

అమ్మ ఏడ్చింది. వెలుతురు చాల్లేదన్నారు. ఇంకోసారి ఏడ్చింది. ఆటో హారన్ కొట్టిందన్నారు. మీరు నేర్చుకున్న తెలుగు ముక్క ఒక్కటే, "మళ్ళీ, అమ్మా!" ఎంత ముద్దుగా అనేవారో... నాలుగోసారి అమ్మ కెమెరాలోకి సూటిగా చూసి ఒక మాట అంది. ఏమందని నన్నడిగారు.

భయమేసింది. మీరు నన్ను మెచ్చుకోవాలనీ ఉంది. "నువ్వు లేని ఇంట్లో దీపం ఎవరికోసం వెలిగించను" అందని చెప్పాను. కూలివాళ్ళ నోట ఇంత కవిత్వమా అని పొంగిపోయారు. అదే తెర మీద అడుగున వేశారు.

సినిమా చూసినరోజు, తన బొమ్మ కింద ఏం రాశారని అమ్మ అడిగింది. నువ్వన్నదే అన్నాను. చదువురాని మనిషి, నమ్మింది. ముప్ఫై ఏళ్ళు నమ్మింది.

అమ్మ అన్నది ఇది: "మా ఆయన ఒక్కసారే సచ్చిపోనాడు. నువ్వెన్నిసార్లు సంపుతావు బాబూ?"

ఇప్పుడు ఆ సినిమాని బాగుచేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు. తర్జుమా సరిచూడమని నాకే పంపారు. అమ్మ అసలు మాట పెట్టి పంపేశాను. మీ భార్య ఫోన్ చేసి, పాత వాక్యమే ఉంచమని బతిమాలారు. ఆ దీపం మాటని మీ సమాధి రాయి మీద చెక్కించారట...

జాలి పడాలా? పడలేదు. కుదరదన్నాను. రాయి మీది వాక్యం నేను కల్పించింది. ఉంచుకోండి, దాని కింద సుఖంగా పడుకోండి.

నిన్న అమ్మ దగ్గర అంతా ఒప్పుకున్నాను. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు.

ఇట్లు,
మీ ఇద్దరికీ అబద్ధం చెప్పిన
పార్వతి