కరుణశ్రీ చేసిన అమ్మ ముఖం

తెనాలి,
బుధవారం.

అమ్మకు మనోజ్ నమస్కారాలు. ఇక్కడ నేను, నీ కోడలు మాధురి, చెల్లి కరుణశ్రీ కులాసా. రేపల్లెలో నువ్వూ, నిర్మల పిన్నీ కులాసాగా ఉన్నామని రాశావు. పిన్ని సంగతి నమ్ముతాను. నీ సంగతే నమ్మబుద్ధి కావడం లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా జ్వరం తగ్గింది. బాపట్ల విగ్రహం అప్పగించేశాను. కరుణ సరిగా తింటోందా అన్నావు. గోంగూర పచ్చడి ఉన్న రోజు నాకు మిగల్చడం లేదు. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. నచ్చని మాట రాగానే కుక్కర్ విజిల్ వేసిందని ఫోన్ పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు.

చూపు లేని పిల్లకు మట్టితో ఏం పని అని కరుణను అన్నది నేనే. బాపట్లలో చదువు ముగించుకుని వచ్చిన కొత్తలో దాన్ని నేను విగ్రహాలు చేసే షెడ్డులోకి రానివ్వలేదు. పనిముట్లు గుచ్చుకుంటాయని నీకు చెప్పాను కానీ, నిజానికి నా పనికి అడ్డమనుకున్నాను. ఒకరోజు బాపట్ల బసవేశ్వరరావుగారు వాళ్ళ నాన్నగారి మట్టి నమూనా చూసి, "ఫొటోలాగే ఉందండి, మా నాన్నలా లేదు" అని పెదవి విరిచి వెళ్ళిపోయారు. నేను తల పట్టుకుని కూర్చుంటే కరుణ తడుముకుంటూ వచ్చి ఆ ముఖం మీద చేతులు పెట్టింది.

"ఈయనకెన్నేళ్ళు అన్నయ్యా?"

"ఎనభై రెండు."

"మరి బుగ్గలేంటి, పెళ్ళికొడుకులా ఉన్నాయి?"

బొటనవేళ్ళతో రెండు బుగ్గలూ కాస్త లోపలికి నొక్కింది. అంతే. మర్నాడు బసవేశ్వరరావుగారు వచ్చి చూసి కళ్ళు తుడుచుకున్నారు. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్న నాకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషం వేసింది. నా పని తెలిసిన మనిషి నా ఇంట్లోనే ఉందని నాకిన్నాళ్ళూ తెలియలేదు. అప్పటి నుంచి ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నాం. నేను చేస్తాను, అది వేళ్ళతో చూసి తిడుతుంది.

ఇక రాయాల్సింది రాస్తాను. దసరాకు నువ్వు వచ్చినప్పుడు నీ ముఖం తడిమి చూసుకున్న కరుణ, నువ్వు వెళ్ళాక దాన్ని మట్టితో చేసింది. ముక్కు, నుదుటి గీతలు, కమ్మల బరువుకు సాగిన చెవి తమ్మెలు, అన్నీ నీవే. ఎడమ దవడ కింద మాత్రం శనగగింజంత మట్టి ఎక్కువుంది. చెయ్యి జారిందనుకుని చదును చేసేశాను. విగ్రహాలకు మచ్చలూ బొడిపెలూ కావాలని ఎవరూ అడగరు. నున్నగా చేయడం నా చేతికి అలవాటైపోయింది. శివరాత్రికి వచ్చి వెళ్ళావు. మళ్ళీ చేసింది. ఈసారి అది రేగుపండంత ఉంది. మళ్ళీ చదును చేశాను.

"అమ్మకుంది అన్నయ్యా. ఎందుకు తీసేస్తావ్?"

"కళ్ళున్న నాకు కనపడనిది నీకెక్కడ కనపడింది?"

అమ్మా, దాన్ని ఆ మాట అన్నాను. అది చేతులు కడుక్కుని లోపలికి పోయింది. నిన్ను ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది, అదీ చేయలేదు. ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచింది ఇదే.

పోయిన నెల వచ్చినప్పుడు, చెమట పట్టిందంటూ, నీ ముఖం తడమబోయిన కరుణ చేతులు పట్టుకుని ఆపేశావు. అంత ఎండలోనూ మెడ చుట్టూ కొంగు కప్పుకునే కూర్చున్నావు. నేను చూశాను. భయమేసి అడగలేదు. నీకు ముందే తెలుసు కదా?

నువ్వు వెళ్ళాక అది మూడోసారి నీ ముఖం చేసింది. ఎడమ దవడ కింద మట్టే పెట్టకుండా వదిలేసింది. పూర్తి చేయవేం అన్నాను.

"అక్కడ అమ్మ తాకనివ్వలేదు. తెలియనిది ఎలా పెట్టను?" అంది.

ఆ ముఖం మీద తడిగుడ్డ కప్పి ఉంచాం. ఆదివారం పొద్దుటి రైలుకు నేనూ కరుణా రేపల్లె వస్తున్నాం. సోమవారానికి గుంటూరులో డాక్టరుగారి దగ్గర నీ పేరు రాయించాను. పిన్నికి చెప్పాను, నిన్ను ఎక్కడికీ పోనివ్వదు. డాక్టరుకంటే ముందు కరుణను తాకనివ్వు. ఈసారి దాని చేతులు పట్టుకోకు. అది ఏం చెప్పినా నేను నమ్ముతాను.

ఇట్లు,
చూసి కూడా చూడని నీ కొడుకు,
మనోజ్