ఫిట్స్ వస్తాయా అంటే "నో" అని టిక్ పెట్టాను

బుధవారం రాత్రి, పుంగనూరు

చెల్లి స్కూల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూసుకునే స్పెషల్ మేడమ్ ఇచ్చిన ఇంగ్లీష్ ఫారం పోయిన వారం నేనే నింపాను. "ఇంట్లో ఫిట్స్ వస్తాయా?" అన్నచోట "నో" అని టిక్ పెట్టాను. వస్తాయని తెలిస్తే చెల్లిని బడికి పంపొద్దంటారని భయం. నేను వేలు చూపించిన చోట అమ్మ సంతకం పెట్టింది. ఏం రాశావని అడగలేదు. ఎప్పుడూ అడగదు.

ఈ సాయంత్రం మేడమ్ అమ్మకు ఫోన్ చేసింది.

"రేపు పిల్లోల్ని కుప్పం క్యాంపుకు బస్సులో తీసకపోతాండామమ్మా. ఫారంలో అన్నీ రాసినారు కదా, మీరు రానక్కర్లేదు."

ఫోన్ పెట్టేశాక అమ్మ నావైపు తిరిగింది. "ఫిట్స్ సంగతి రాసినావు కదమ్మీ?"

"రాసినామ్మా."

"నువ్వుండావు కాబట్టి సరిపోయింది. నాకేం తెలుస్తాది ఆ ఇంగ్లీషు!"

అన్నం తినేటప్పుడు చెల్లి ఎడమచెయ్యి రెండుసార్లు అదిరింది. ఫిట్స్ వచ్చే ముందురోజు అలాగే అదురుతుంది. ఈసారి అమ్మ కూడా చూసింది. నేనే చెప్పేస్తానేమో అనుకున్నాను.

చెల్లి పడుకున్నాక, "రేపు పంపిద్దామా మా?" అని మాత్రం అడిగాను.

"పాపం, కొత్త గౌను తలకింద పెట్టుకోని పండుకోనుండాది సూడు. మేడమ్‌కు తెలుసు కదా, ఆయమ్మ సూసుకుంటాదిలే."

బస్సు ఏడింటికి. అలారం పెట్టమని అమ్మ ఫోన్ నాకే ఇచ్చింది. కాల్ లిస్టులో మేడమ్ నంబర్ అన్నిటికన్నా పైన ఉంది. అలారం మాత్రం పెట్టాను.