దున్నలు వాటంతట అవే పోలేదు

అమ్మా వినుతా,

మీ స్కూలు ప్రదర్శనలో పిల్లలకు నువ్వు రాసిచ్చిన అమెరికా బైసన్ చార్టు చదివాను. "మైదానాల నిండా ఉన్న ఈ అడవిదున్నలు దాదాపు అంతరించిపోయాయి, ఇప్పుడు తిరిగివస్తున్నాయి" అన్నావు. అవి ఊరికే పోలేదమ్మా. తోళ్ల కోసం తెల్లవాళ్లు కాల్చి చంపారు. దున్నలు లేకపోతే అక్కడి ఆదివాసులు ఆకలికి లొంగుతారని సైన్యం సంతోషించింది. ఊరికే రావడమూ లేదు. ఆ ఆదివాసుల వారసులే తెచ్చి పచ్చిక మీద వదులుతున్నారు.

మీ హెడ్మాస్టర్‌కు ఈ మాటే చెబితే నవ్వాడు. "యాడో అమెరికా దున్నలకి ఈడ నీకేమప్పా ఇంత కోపం?" అన్నాడు.

ఎందుకంటే, పశువులు మేసే మన ఊరుమ్మడి గోమాళానికి సోలార్ కంపెనీ కంచె వేసింది. మేత లేక మీ అమ్మ పాలిచ్చే ఎనుమును బాగేపల్లి సంతకు తోలి అమ్మింది. సోమవారం గ్రామసభలో "పశువులు తగ్గిపోయాయి, గోమాళం అక్కర్లేదు" అని తీర్మానం చదవబోతున్నారు. అది అచ్చం నీ వాక్యమే.

చార్టు దిద్దు. సభకూ రా. పశువులు వాటంతట అవే తగ్గిపోలేదని, వాటిని ఎవరు తగ్గించారో లేచి చెప్పు. ఆ కంచె తీయించు, మీ అమ్మకు ఎనుమును నేనే తోలుకొస్తాను.

మీ చిన్నాయన