పాలతల్లి సంతకం

జనవరి 9

గల్ఫ్‌లో అమెరాత్ అనే ఊరు. రవి ఉన్న ఇంట్లోనే దిగాం. పై వాటా మాది, కింద ఇంటివాళ్లు. పోయినవాడి పరుపు మీద పడుకోవడానికి నాకు పట్టింపు ఉంటుందేమోనని నా కూతురు మాధవి దుప్పట్లు మార్చింది. పరుపుతో నాకు పేచీ లేదు. రవి నా తమ్ముడు నర్సింలు కొడుకు. నాన్న పుస్తకాలను బండిమీదికి ఎక్కించి తూకానికి అమ్మిన నర్సింలు కొడుకు. తమ్ముడు పోయి ఆరేళ్లయింది. నా కోపం మాత్రం ఇంకా ఆరోగ్యంగానే ఉంది.

రవి బిడ్డను దత్తత తీసుకుంటానని మాధవి అన్నప్పుడు వద్దన్నాను. "నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోత బాపూ" అంది. అల్లుడికి సెలవు దొరకలేదట. ధైర్యం దొరకలేదని నా అనుమానం. అందుకే డెబ్భై నాలుగేళ్లకు మొదటి విమానం.

పిల్ల ఇంకా కనబడలేదు. కింద నిద్రపోతోందట.

జనవరి 10

చూశాను. హారిక. మూడేళ్లు. నర్సింలు నుదురు. దీనికి వేరే నుదురే దొరకలేదా.

మాధవి చేతులు చాపితే పిల్ల వెళ్లి ఇంటావిడ గౌను వెనక దాక్కుంది. ఆమె పేరు జుయైనా. పక్కనే అంతే ఎత్తున్న ఆమె కూతురు మర్యమ్, అదీ దాక్కుంది. దానికేం అవసరమో.

తల్లి కాన్పయిన రెండు మూడు రోజులకే పోయింది. తండ్రి మొన్న అక్టోబరులో సైట్‌లోనే గుండె ఆగి పోయాడు. అప్పటినుంచీ పిల్ల కిందే ఉంటోంది. తెలుగు నాలుగు ముక్కలు వచ్చు: పాలు, వద్దు, నాన్న, ఇగో. మిగతాదంతా అరబ్బీ.

జనవరి 12

ఇంటి పెద్ద సాలెం, జుయైనా మామగారు. నా ఈడువాడే. ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాడు. సరుకు ఓడల మీద నేర్చుకున్న హిందీ, తిండి దగ్గర మాత్రం అన్నీ ఆజ్ఞలే. "బైఠో. ఖావో. ఔర్ ఖావో." నన్ను ఉస్తాద్ అంటాడు, మాస్టారూ అని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ ప్రిన్సిపాలూ నన్ను అంత గౌరవంగా పిలవలేదు. ఒకడు స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ 'మన పురావస్తువు' అనేవాడు. వాడి పేరు ఈ పేజీకి ఎక్కించను.

చదివిన పుస్తకాల్లో ఈ దేశమంటే ఒంటెలూ గుడారాలూ. మా కిటికీలోంచి కనబడేది సిమెంటు కలిపే లారీ, దాని వెనక ఒక్క చెట్టూ లేని కొండ. కొండ బాగుంది. ఎవరి మెప్పూ కోరని మొహం.

జనవరి 16, శుక్రవారం

భోజనానికి పిలిచారు. పెద్ద పళ్లెం, చుట్టూ మగవాళ్లం. మాంసం వేళ్లతో తీస్తే ఊడివస్తోంది. తినడం అయ్యాక సాలెం చిన్న మట్టి కుంపటిలో సాంబ్రాణి వేసి అందరి ముందూ తిప్పాడు.

మన ఇళ్లల్లో సాంబ్రాణి వేశారంటే ఏదో మొదలవుతుంది. కాళ్లు మడిచి, కళ్లు మూసుకుని, వాళ్ల ప్రార్థనకు గౌరవంగా కూర్చున్నాను. ఎంతసేపటికీ ఏమీ మొదలవదు. కళ్లు తెరిస్తే గదిలో సాలెమూ నేనూ. మళ్లీ పొగ తెచ్చాడు. మళ్లీ కళ్లు మూశాను. మూడోసారి కూడా...

చివరికి గుమ్మం అవతలి నుంచి మహబూబ్‌బీ. వీధి చివర బట్టలు కుట్టే కడప మనిషి, మాధవికీ జుయైనాకూ మధ్య మాటలు అటూ ఇటూ చేరవేసేది ఆమే. "సారూ, ఆ పొగ తెచ్చినారంటే ఇంగ లేసి పోవల్ల అని. కడుపు నిండింది, పని అయిపాయ అని."

సాలెం కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "ఉస్తాద్, నీ కోసం ఇంట్లో బొగ్గులన్నీ అయిపోయాయి."

నన్ను చూసి నవ్వినవాళ్లను క్షమించే అలవాటు నాకు లేదు. ఈసారి నేనూ నవ్వాను. లోపలి గదిలోంచి మాధవి తొంగి చూసింది, నాకేమైనా అయిందేమోనని.

జనవరి 20

మహబూబ్‌బీ షాపులో. మాధవి పిల్లకు గౌను కుట్టిస్తోంది. ఆమె మిషన్ ఆపకుండానే చెప్పింది.

"రవి పెండ్లాము కాన్పయిన మూడో నాటికే పాయ సారూ. బిడ్డకు డబ్బాపాలు పడకపాయ. తాపిందంతా కక్కుతాండె. జుయైనాకు మర్యమ్ పుట్టి అప్పటికి నెల. ఒక పక్క దాన్ని, ఒక పక్క దీన్ని ఏసుకునింది. ఏడాదిన్నర. ఎవురు చెప్పినారు ఆమెకు? ఎవురూ చెప్పల్యా."

తర్వాత దారం తెంపుతూ: "పెండ్లాము పోయిన పొద్దు రవి మా షాపు మెట్ల మీద కూసోని ఊరికి ఫోన్ చేస్తాండె. పెద్దనాయనకంట. మూడు తూర్లు చేసె. మోగతాండాది గాని ఎత్తడంల్యా అన్యాడు. మీరు కాదు గదా సారూ? ఇంగో పెద్దనాయన ఉండాడా?"

ఉన్నాడన్నాను.

లేడు. ఆ రోజు నాకు గుర్తుంది. ఈ దేశపు నంబరు. భోజనం చేస్తున్నాను. చెయ్యి కూడా కడుక్కోలేదు.

జనవరి 21

ఏమీ రాయబుద్ధి కాలేదు.

జనవరి 22

ఆఫీసు. పిల్లను మాకు అప్పగించే కాగితాలు. సాలెం తన కారులో తీసుకెళ్లాడు, సాక్షిగా కూడా. అంతా సాఫీగా నడుస్తోంది. చివర్లో ఆఫీసరు మామూలుగా అడిగాడు — ఈ బిడ్డకు ఇక్కడ బంధువులెవరైనా ఉన్నారా?

లేరన్నాను.

ఉన్నారన్నాడు సాలెం. తల్లి ఉంది. నా కోడలు పాలిచ్చింది. ఇద్దరు అన్నలు, ఒక అక్క.

ఆఫీసరు కలం కింద పెట్టాడు. మళ్లీ తీసుకుని అదంతా రాశాడు. పాలిచ్చిన తల్లి స్వయంగా వచ్చి, తనకు సమ్మతమేనని సంతకం చేస్తేనే ఫైలు కదులుతుందట. అతని మాటల్లో విసుగు లేదు. పైపెచ్చు సాలెంతో ఇంకాస్త మర్యాదగా మాట్లాడాడు.

కారులో సగం దూరం వచ్చాం. తర్వాత అన్నాను: నువ్వు స్నేహితుడివనుకున్నాను.

"స్నేహితుణ్నే. కానీ అక్కడ నన్ను అడిగింది పిల్ల తాతగా. లేదని ఎలా చెప్పను ఉస్తాద్?"

తాతట. నేనెవర్ని మరి?

జనవరి 23, శుక్రవారం

భోజనానికి కిందికి వెళ్లలేదు. పళ్లెం పైకి వచ్చింది, మూత పెట్టి. ఆకలేసి తిన్నాను. అది రాజీ కింద లెక్క కాదు.

జనవరి 25

జుయైనా సంతకం గురించి మాట్లాడదు. కాదనదు, అవుననదు. మాధవి రోజూ కిందికి పోయి కూరగాయలు తరుగుతూ కూర్చుంటోంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరి మధ్యా పిల్లలు. ఇవాళ హారిక మాధవి చేత ఒక జడ వేయించుకుందట. రెండోది జుయైనా వేసింది. మాధవి ఈ సంగతి చెప్పడానికి మెట్లన్నీ పరుగెత్తి వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి.

జనవరి 27

చట్టం మన వైపు ఉంది, వకీలును పెడదామన్నాను.

"ఆమె ఇయ్యనంటే నేను గుంజుకొని పోను బాపూ."

మన వీసా వచ్చే నెల రెండో వారం దాకానే అన్నాను.

"అయితే ఉత్త చేతుల్తోనే పోత."

అని స్నానాలగదిలోకి వెళ్లి నల్లా తిప్పింది. నీళ్ల చప్పుడు చాలాసేపు. ఒక బిడ్డ కోసం ఎనిమిదేళ్లు డాక్టర్ల చుట్టూ తిరిగిన మనిషి మాట అది. నాకు కోపం తప్ప ఇంకేం చేతకాదని అప్పుడే తెలిసిందా మాధవికి? ఎప్పటినుంచో తెలిసే ఉంటుంది.

జనవరి 29

సాలెం పైకి వచ్చాడు. మోకాళ్లు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ. చేతిలో కాఫీ ఫ్లాస్కు. నేను లేవలేదు. అతనే చిన్న గిన్నెల్లో పోశాడు.

చెప్పాడు: పాలు తాగిన పిల్ల మాకు కన్నపిల్లతో సమానం. ఆమె ఎప్పుడొచ్చినా ఈ ఇంట్లో ఏ మగవాడూ ఆమెకు పరాయి కాడు. నా మనవలు ఆమెకు అన్నలు, ఎన్నటికీ మొగుళ్లు కాలేరు. కానీ ఇది గుర్తుంటేనే నిలుస్తుంది ఉస్తాద్. మరిచిపోతే ఆమె ఇరవై ఏళ్లకు ఈ వీధిలో నడిచిపోతుంది, మేమెవరమో తెలియదు. నా కోడలి భయం అది. పిల్ల పోతుందని ఆమె ఎప్పుడో ఒప్పుకుంది. లేకుండా పోతుందని భయం.

ఏం చెయ్యమంటావన్నాను.

"మీ ఇంట్లో పేర్లు రాసే పుస్తకం ఉందా?"

ఉంది. బంధుత్వం రుజువు చేయాల్సి వస్తుందేమోనని సంచిలో పెట్టుకుని తెచ్చిందే. మా వంశం నోట్‌బుక్. మా ముత్తాత దగ్గర మొదలు, నా చేతిరాత.

గిన్నె ఖాళీ అయింది. మళ్లీ పోశాడు. మళ్లీ తాగాను. ఇద్దరం కొండ వైపు చూస్తూ కూర్చున్నాం.

ఫిబ్రవరి 1

కింద, చాప మీద. జుయైనా, మాధవి, మహబూబ్‌బీ, నేను. పిల్లలిద్దరూ నోట్‌బుక్ అట్ట పీకుతున్నారు.

జుయైనా పేజీలు తిప్పింది. ఒక చోట వేలు ఆగింది. ఎర్ర సిరా గీత. నర్సింలు, వాడి కొమ్మ మొత్తం.

"ఈయన చచ్చిపోయినాడనా గీత అంటాంది" అంది మహబూబ్‌బీ.

చచ్చినవాళ్లు ఆ పేజీలో చాలామంది ఉన్నారు, గీత లేకుండా. అబద్ధం కుదరదు. కోపమన్నాను.

"ఎందుకంట?"

"పుస్తకాలు అమ్మేశాడు."

మహబూబ్‌బీ చెప్పింది. జుయైనా ఆమె వైపు తిరిగి మళ్లీ ఏదో అడిగింది. "పుస్తకాలేనా, నేను తప్పు చెప్తాండానా అంటాంది సారూ."

పుస్తకాలే. నలభై ఏళ్ల కోపం, ఇంకో భాషలోకి వెళ్లేసరికి ఎంత చిన్నదైపోయిందో. నాకే వినబడింది.

కొత్త పేజీ తీశాను. నాన్న. కింద ఇద్దరు కొడుకులు, నేనూ నర్సింలూ. వాడి కింద రవి, రవి కింద హారిక. హారిక పక్కన కన్నతల్లి, పాలతల్లి జుయైనా, పెంచే తల్లి మాధవి. అన్నలు ఇద్దరు, అక్క మర్యమ్. ఒక్కో పేరు కింద జుయైనా వేలు పెడుతుంటే మహబూబ్‌బీ చదివింది. తన పేరు దగ్గర రెండుసార్లు చదివించుకుంది.

అప్పుడు మహబూబ్‌బీతో మెల్లగా అన్నాను: అమ్మా, ఇంకో పెద్దనాన్న లేడు. నేనే.

"తెలుసులే సారూ."

ఈమెకు చెప్పకమ్మా.

"ఆమెకు అప్పుడే తెలుసు. రవి ఏడ్సింది ఆమె ముందరే గదా."

తెలిసే పళ్లెం పైకి పంపింది.

ఫిబ్రవరి 3

జుయైనా ఆఫీసుకు వచ్చి సంతకం చేసింది. ఆఫీసరు ఏదో అడిగితే ఒక్క ముక్కలో జవాబు. తిరిగి వచ్చేటప్పుడు వెనక సీట్లో మాధవి చెయ్యి ఆమె చేతిలో ఉంది. నేను ముందుకే చూశాను.

ఫిబ్రవరి 5

సాలెంతో సముద్రం ఒడ్డుకు. చేపలు బేరమాడాడు, కొనలేదు. అలవాటు కోసం ఆడాడట. ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తానన్నాడు. "ఎత్తుతావా?" అన్నాడు. మామూలుగానే అన్నాడు.

ఎత్తుతానన్నాను.

ఈ వయసులో కొత్త స్నేహితుడికి మనసులో చోటెక్కడిది అనుకునేవాణ్ని. ఉంది. శత్రువులు చాలామంది చచ్చిపోయారు, గదులు ఖాళీ.

ఫిబ్రవరి 8

హారిక నన్ను తాతా అంది. సాలెంను జద్దో అంటుంది. ఇద్దరం ఒకేసారి పిలిస్తే మధ్యలో కూర్చుని ఇద్దరికీ ఒక్కో ఖర్జూరం గింజ ఇచ్చింది. పండు తను తినేసింది.

నర్సింలు కూడా చిన్నప్పుడు ఇంతే. ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఫిబ్రవరి 10

మధ్యాహ్నం మూడున్నర. నాలుగింటికి బయల్దేరాలి. పెట్టెలు కారులో ఉన్నాయి. హారిక కింద నిద్రపోతోంది, మర్యమ్ మీద కాలు వేసి.

లేపాలి. ఎవరూ లేపడం లేదు.

గది గుమ్మంలో జుయైనా, మాధవి. మధ్యలో మహబూబ్‌బీ, మొహం తుడుచుకుంటూ. "ఎవురు లేపితే వాళ్ల మీద ఏడుస్తాదంట. నేనే లేపుతా, ఆ ఏడుపు నా మీదే పోనీ, నీ మీద కోపం వద్దు అంటాంది."

మాధవి తల ఊపింది, కాదని. "ఆమె మీద ఎందుకు కోపం? రేపటి సంది నాకే అలవాటు కావాలె గద. నేనే లేపుత."

ఇద్దరూ గుమ్మం దాటలేదు.

నేను వసారాలో, ఈ పేజీ మోకాలి మీద. సాలెం నా పక్కన. కారు తాళాలు పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు, చప్పుడు కాకుండా. ఎక్కువ ఆలస్యమైతే విమానం తప్పిపోతుంది. తప్పిపోనీ అని ఎవరైనా అంటారేమోనని చూస్తున్నాను. నేను అనకూడదు. నోటిదాకా వచ్చింది.

నాలుగు కావడానికి పది నిమిషాలు. గుమ్మంలో ఇద్దరూ లేరు. ఎవరు ముందు లోపలికి వెళ్లారో చూడలేదు.

ఏడుపు. హారికదో మర్యమ్‌దో... ఇన్ని రోజులు విన్నాక కూడా పోల్చుకోలేకపోతున్నాను. సాలెం వైపు చూశాను. అతనూ నా వైపే చూస్తున్నాడు.